విదేశానికి పార్సిల్ పంపుతున్నారా? కస్టమ్స్ కాగితాలు ఇలా రాయండి

మొదటిసారి విదేశానికి పెట్టె పంపినప్పుడు ప్యాకింగ్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా నేను ఫారం మీద పెట్టలేదు. లోపల ఏమున్నాయో రాయమన్న చోట "గిఫ్ట్ ఐటమ్స్" అని రాశాను. విలువ దగ్గర నోటికొచ్చిన అంకె వేశాను. సంతకం గీకి కౌంటర్లో ఇచ్చేసి హాయిగా ఇంటికొచ్చాను. పెట్టె ఐదు రోజుల్లో ఆ దేశం చేరింది. చేరాక అక్కడి కస్టమ్స్ దగ్గర పందొమ్మిది రోజులు కదలకుండా కూర్చుంది. చివరికి అందుకోవాల్సినవాళ్లకు ఒక ఉత్తరం వచ్చింది: ఇందులో ఉన్న వస్తువులేమిటి, ఒక్కొక్కటీ ఎంత, కొన్న బిల్లు చూపించండి అని. ఇంతకీ లోపల ఉన్నవి రెండు టీ-షర్టులు, ఒక పుస్తకం, ఒక బొమ్మ కారు!

ఆ ముక్కే ఫారంలో రాసుంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. మన పెట్టెను చూసే అధికారికి మనమెవరో తెలియదు. ఫోన్ చేసి అడిగే తీరిక ఉండదు. ఆయన ముందున్నది ఎక్స్‌రే బొమ్మ, మనం రాసిన నాలుగు లైన్లు. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతే పెట్టె ముందుకు వెళ్తుంది, సరిపోకపోతే పక్కకు వెళ్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ నాలుగు లైన్ల గురించే.

మొదటి పని: అవతలి దేశం సంగతి కనుక్కోవడం

చాలామంది పెట్టె సర్దేసి, టేపు వేసేసి, ఆ తర్వాత రూల్స్ వెతుకుతారు. దీన్ని తిరగెయ్యాలి. ఒక పార్సిల్ రెండు దేశాల చట్టాలకు లోబడి ఉంటుంది. మీ దేశం దాన్ని బయటికి వెళ్లనివ్వాలి, అవతలి దేశం లోపలికి రానివ్వాలి. ఇక్కడ కౌంటర్లో తీసుకున్నారు కదా అని అక్కడ ఒప్పుకుంటారనుకోకండి. కౌంటర్లో ఉన్నవాళ్లకు ప్రతి దేశం నిషేధాల జాబితా కంఠతా ఉండదు.

ప్రపంచంలోని తపాలా శాఖలన్నిటినీ కలిపి ఉంచే సంస్థ యూనివర్సల్ పోస్టల్ యూనియన్. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పుట్టింది, ఇప్పుడు 192 దేశాలు సభ్యులు. ఏ దేశం ఏ వస్తువును రానివ్వదో, దేనికి షరతులు పెడుతుందో ఈ సంస్థ జాబితాలు ప్రచురిస్తుంది. మీ తపాలా శాఖ వెబ్‌సైట్లో కూడా దేశాలవారీగా ఇదే సమాచారం దొరుకుతుంది. పంపే రోజునే చూసుకోండి, ఆరు నెలల కిందట చూసింది గుర్తుపెట్టుకుని పంపకండి.

అదే సమయంలో అందుకునేవారిని మూడు విషయాలు అడగాలి. పాస్‌పోర్టులో ఉన్నట్టు పూర్తి పేరు, పనిచేసే ఫోన్ నంబరు, ఈమెయిల్. ముద్దుపేరు మీద వెళ్లిన పెట్టె గుర్తింపు కార్డుతో సరిపోక ఆగిపోవడం మామూలే. కొన్ని దేశాలు వ్యక్తిగత పన్ను నంబరు కూడా కావాలంటాయి. బ్రెజిల్‌కు పంపితే అందుకునేవారి సీపీఎఫ్ నంబరు ఉండాలి. దక్షిణ కొరియాలో కస్టమ్స్ కోసం వ్యక్తులకు విడిగా ఒక కోడ్ ఇస్తారు, అది "పీ" అక్షరంతో మొదలవుతుంది. ఇలాంటివి అందుకునేవారికే తెలుస్తాయి. వాళ్లనే అడిగి తెలుసుకోండి.

పెట్టెలో పెట్టకూడనివి

ఆయుధాలు, మాదకద్రవ్యాలు, పేలుడు పదార్థాలు పంపకూడదని ఎవరికైనా తెలుసు. మనల్ని పట్టించేవి అవి కాదు, రోజూ ఇంట్లో వాడే వస్తువులే. సెంటు సీసాలో ఆల్కహాల్ ఉంటుంది, అది మండే ద్రవం. నెయిల్ పాలిష్ కూడా అంతే. డియోడరెంట్ స్ప్రే డబ్బాలో ఒత్తిడితో నింపిన గ్యాస్ ఉంటుంది. లైటరు, అగ్గిపెట్టె సరే సరి. విమానంలో వెళ్లే తపాలాలో వీటికి చోటు లేదు. మామూలు పార్సిల్‌లో నగదు పెట్టడం కూడా మానుకోండి. పోతే అడిగే హక్కు ఉండదు.

బ్యాటరీల దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అందరూ తడబడేది ఇక్కడే. లిథియం బ్యాటరీ విడిగా వెళ్లకూడదు. పరికరం లోపల బిగించి ఉంటే కొన్ని తపాలా శాఖలు తీసుకుంటాయి, అదీ అనుమతి పొందినవి మాత్రమే. అప్పుడు కూడా ఒక పెట్టెలో నాలుగు సెల్స్ లేదా రెండు బ్యాటరీలకు మించకూడదు, ఒక్కో బ్యాటరీ శక్తి 100 వాట్-అవర్లు, ఒక్కో సెల్ అయితే 20 వాట్-అవర్లు దాటకూడదు. మరి పవర్ బ్యాంకు? దానికి ప్లాస్టిక్ డబ్బా, బటన్, లైటు ఉన్నాయి కాబట్టి అదొక పరికరం అనిపిస్తుంది. రూల్స్ ప్రకారం అది విడి బ్యాటరీయే. తపాలాలో పంపకూడదు.

వాట్-అవర్లు ఎలా తెలుస్తాయంటే, బ్యాటరీ మీద రాసిన మిల్లీ ఆంపియర్-అవర్లను వోల్టులతో గుణించి 1000తో భాగించండి. ఫోను బ్యాటరీ మీద 5000, 3.85 వోల్టులు అని ఉందనుకోండి. 19.25 వస్తుంది. ఫోను స్విచాఫ్ చేసి, బటన్ నొక్కుకుపోకుండా గట్టిగా చుట్టండి. దారిలో ఆన్ అయితే వేడెక్కుతుంది.

తినేవాటి దగ్గర ప్రతి దేశానికీ తనదైన భయం ఉంటుంది. యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి వ్యక్తులు పంపే పార్సిళ్లలో మాంసం, పాల ఉత్పత్తులను రానివ్వదు. పశువుల రోగాలు వాటితో వస్తాయని. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విత్తనాలు, ఎండిన మొక్కలు, గడ్డి, చెక్క విషయంలో మరీ కఠినం. పెట్టెలోని బుట్ట ఎండుగడ్డితో అల్లిందైనా అడ్డుపడొచ్చు. మందపాటి చెక్క పెట్టెల్లో పంపాలంటే వేడితోనో మందుతోనో శుద్ధి చేసినట్టు ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, దానికన్నా అట్టపెట్టె మేలు. అమెరికాకు ఆహారం పంపాలంటే ముందస్తు నోటీసు ఇవ్వాలన్న నిబంధన ఉంది, కానీ ఒక వ్యక్తి ఇంట్లో తన చేత్తో చేసి మరో వ్యక్తికి బహుమతిగా పంపేదానికి మినహాయింపు ఇచ్చారు. అంగట్లో కొన్న ప్యాకెట్లకు ఈ మినహాయింపు వర్తించదు.

మందులైతే కంపెనీ ప్యాకింగ్‌లోనే, డాక్టరు చీటీ నకలుతో, అదీ అవతలి దేశం ఒప్పుకుంటేనే. మాత్రలు విప్పి చిన్న డబ్బాలో పోసి పంపితే అవేమిటో ఏ అధికారికీ తెలియదు. ఏనుగు దంతం, తాబేటి చిప్ప, పగడాలు, కొన్ని రకాల అరుదైన కలప, అంతరించే ప్రమాదమున్న జంతువులూ మొక్కల వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తాయి. 1973లో కుదిరి 1975 నుంచి అమల్లో ఉన్న ఈ ఒప్పందం ప్రకారం అనుమతి పత్రం లేకుండా అవి సరిహద్దు దాటకూడదు. పాత విగ్రహాలు, పురాతన వస్తువులు పంపాలన్నా ముందుగా మీ దేశం అనుమతి అవసరమేమో చూడండి. వారసత్వంగా వచ్చిందే కదా అన్న వాదన అక్కడ చెల్లదు.

పోస్టా, కొరియరా?

తపాలాలో రెండు కిలోల లోపు వస్తువుల్ని చిన్న ప్యాకెట్‌గా పంపొచ్చు. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపితే 90 సెంటీమీటర్లు, ఏ ఒక్క వైపూ 60 సెంటీమీటర్లు దాటకూడదు. అంతకు మించితే పార్సిల్. గరిష్ఠ బరువు దేశాన్ని బట్టి 20 కిలోలో, 30 కిలోలో ఉంటుంది. ఇంకా త్వరగా వెళ్లాలంటే ఈఎంఎస్ అనే తపాలా ఎక్స్‌ప్రెస్ సేవ ఉంది.

కొరియర్ కంపెనీలు తమ ఏజెంట్లతో కస్టమ్స్ పని తామే చేయించుకుంటాయి, అందుకే వేగం. దానికి వాళ్లు అందుకునేవారి దగ్గర విడిగా ఫీజు తీసుకోవచ్చు. ఇంకో సంగతి, వాళ్లు బరువు ఒక్కటే చూడరు, పరిమాణం కూడా లెక్కిస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించడం ఎక్కువమంది వాడే లెక్క. 40, 30, 20 సెంటీమీటర్ల పెట్టెకు 4.8 కిలోలు వస్తుంది. లోపల కిలోన్నర దిండు ఉన్నా 4.8 కిలోలకే డబ్బు కట్టాలి. తేలికైన పెద్ద వస్తువులకు పోస్టు, బరువైన చిన్న వస్తువులకూ అర్జెంటు కాగితాలకూ కొరియరు. నేనైతే ఇలాగే పంచుకుంటాను.

ఏ ఫారం నింపాలి

తపాలాలో మీ చేతికొచ్చేవి ముఖ్యంగా రెండు. చిన్న ప్యాకెట్ మీద అతికించే చిన్న ఫారం సీఎన్ 22. వస్తువుల విలువ 300 ఎస్‌డీఆర్‌లు దాటితే సీఎన్ 23 అనే పెద్ద ఫారం. ఎస్‌డీఆర్ అన్నది అంతర్జాతీయ ద్రవ్య నిధి ఐదు కరెన్సీలను కలిపి లెక్కగట్టే యూనిట్. 300 అంటే దాదాపు 400 అమెరికా డాలర్లు అనుకోండి. పార్సిళ్లకైతే విలువతో పని లేకుండా సీఎన్ 23 ఉండాల్సిందే. చాలా చోట్ల దాన్ని చిరునామా కాగితంతో కలిపి సీపీ 72 అనే సెట్‌గా ఇస్తారు. ఈ పేర్లలోని సీపీ, ఫ్రెంచిలో తపాలా పార్సిళ్లకున్న మాట నుంచి వచ్చింది. పోస్టల్ యూనియన్ అధికార భాష ఇప్పటికీ ఫ్రెంచే మరి, మీ ఫారం మీద ఫ్రెంచి మాటలు కనబడితే కంగారు పడకండి.

కొరియర్‌లో ఈ ఫారాలు ఉండవు. ఎయిర్‌వే బిల్లు, ఇన్వాయిస్ ఉంటాయి. అమ్మకం అయితే కమర్షియల్ ఇన్వాయిస్, అమ్మకం కాకపోతే ప్రొఫార్మా ఇన్వాయిస్. ఫారం పేరు మారినా అడిగే ప్రశ్నలు మాత్రం అవే. తపాలాలో కూడా అమ్మిన సరుకు పంపుతుంటే ఇన్వాయిస్ జత చేయండి.

ఇప్పుడు ఫారం నింపుదాం

మొదట చెప్పిన నా పెట్టెనే తీసుకుని, ఈసారి సరిగ్గా నింపుదాం. ఇంగ్లిషులో గానీ, ఫ్రెంచిలో గానీ, అవతలి దేశంవాళ్లకు అర్థమయ్యే భాషలో గానీ, పెద్ద అక్షరాల్లో. చిరునామాలో చివరి లైన్ దేశం పేరు.

ముందు వస్తువు వివరణ. దీనికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటుంది: ఆ లైన్ చదివిన మనిషి, వస్తువు చూడకుండానే దాని బొమ్మ గీయగలగాలి. "బట్టలు" అంటే గీయలేడు. "మగవాళ్ల కాటన్ టీ-షర్టులు, అల్లిక గుడ్డ, కొత్తవి" అంటే గీస్తాడు. వస్తువు ఏమిటి, దేనితో చేశారు, ఎవరికి లేదా ఎందుకు అన్న మూడూ వస్తే చాలు. గిఫ్ట్, శాంపిల్, పర్సనల్ ఐటమ్స్, ఎలక్ట్రానిక్స్, పార్ట్స్, ఫుడ్ లాంటి మాటలు ఒంటరిగా రాయకండి. ఇలాంటి మొండి మాటలు ఒప్పుకోబోమంటూ యూరోపియన్ యూనియన్ ఏకంగా జాబితానే పెట్టింది. రాస్తే కంప్యూటరే వెనక్కి తిప్పుతుంది, మనిషి దాకా వెళ్లదు.

తర్వాత హెచ్‌ఎస్ కోడ్. చూడగానే బెదిరిపోతాం కానీ ఇది మనకు మంచిదే. ప్రపంచ కస్టమ్స్ సంస్థ వస్తువులన్నిటికీ ఇచ్చిన ఆరంకెల నంబరు ఇది, 1988 నుంచి వాడుకలో ఉంది. భాష రాని అధికారికీ అంకె అర్థమవుతుంది. మొదటి రెండంకెలు అధ్యాయం, తర్వాతి రెండు శీర్షిక, చివరి రెండు ఉపశీర్షిక. 61 అంటే అల్లిక దుస్తులు, 6109 అంటే టీ-షర్టులు, 610910 అంటే కాటన్ టీ-షర్టులు. మీ దేశపు కస్టమ్స్ లేదా తపాలా వెబ్‌సైట్లో వస్తువు పేరు కొడితే వెతికిపెడుతుంది. ఆరు తర్వాత ఇంకా అంకెలు కనబడితే అవి ఆ దేశం సొంతంగా చేర్చుకున్నవి. ఈ పట్టికను కొన్నేళ్లకోసారి మారుస్తారు. ఇప్పుడున్నది 2022ది, కొత్తది 2028 జనవరి 1 నుంచి వస్తుంది. కాబట్టి పాత ఫారం చూసి కాపీ కొట్టే అలవాటుంటే ఓసారి సరిచూసుకోండి.

నా పెట్టె ఇలా తయారైంది:

మగవాళ్ల కాటన్ టీ-షర్టులు, అల్లిక గుడ్డ, కొత్తవి: 2, బరువు 0.40 కిలో, విలువ 30 యూరోలు, కోడ్ 610910
అచ్చు పుస్తకం: 1, బరువు 0.35 కిలో, విలువ 12 యూరోలు, కోడ్ 490199
ప్లాస్టిక్ బొమ్మ కారు, బ్యాటరీ లేదు: 1, బరువు 0.25 కిలో, విలువ 15 యూరోలు, కోడ్ 950300

"బ్యాటరీ లేదు" అన్న ముక్క చూశారా? అది ఏ గడిలోనూ అడగరు. కానీ ఎక్స్‌రేలో చక్రాలూ తీగలూ కనబడే బొమ్మను చూసి అధికారికి వచ్చే మొదటి అనుమానం అదే. ఆయన అడగబోయేది ముందే చెప్పేశాం.

బరువుల దగ్గర ఒక చిన్న లెక్క. వస్తువులొక్కొక్కటి విడిగా తూచి రాసేది నికర బరువు, ఇక్కడ మొత్తం ఒక కిలో. పెట్టె, బబుల్ ర్యాప్, టేపు కలిపి కాటా మీద వచ్చేది స్థూల బరువు, అది 1.30 కిలోలు అనుకుందాం. నికర బరువు మొత్తం ఎప్పుడూ స్థూల బరువు కన్నా తక్కువ ఉండాలి. తొందరలో ఉజ్జాయింపుగా రాస్తే ఇది తల్లకిందులవుతుంది. పెట్టె కన్నా లోపలి సరుకు బరువెక్కువ అని రాసిన ఫారాన్ని ఎవరు నమ్ముతారు?

విలువ విషయం. కొన్నదైతే కొన్న ధర. బహుమతిగా వచ్చిందైనా, వాడిందైనా, ఇంట్లో తయారైందైనా బయట కొనాలంటే ఎంతవుతుందో అంత. సున్నా రాయకండి. విలువ లేని వస్తువును ఇంత తపాలా ఖర్చు పెట్టి పంపరని వాళ్లకూ తెలుసు. ఏ కరెన్సీయో తప్పకుండా రాయండి. పన్ను తప్పించుకోవడానికి తక్కువ విలువ వేసే సలహా చాలామంది ఇస్తారు. నేనైతే ఇవ్వను. ఇప్పుడు అధికారులు ఆ వస్తువు పేరు ఇంటర్నెట్‌లో కొట్టి ధర చూస్తారు. దొరికితే జరిమానా. దొరక్కపోయినా, పెట్టె పోతే పరిహారం మీరు రాసిన ఆ తక్కువ విలువ మీదే లెక్కిస్తారు.

తయారైన దేశం అన్న గడిలో పంపుతున్న దేశం పేరు రాసేవాళ్లే ఎక్కువ. అడిగింది వస్తువు ఎక్కడ తయారైందని. చొక్కా కాలరు వెనకున్న లేబుల్, బొమ్మ అడుగున అచ్చుపోసిన అక్షరాలు చూసి రాయండి. కొన్ని దేశాలు తయారైన చోటును బట్టి సుంకం వేస్తాయి కాబట్టి ఈ గడి డబ్బు సంగతే.

రకం దగ్గర బహుమతి, కాగితాలు, వాణిజ్య నమూనా, అమ్మిన సరుకు, తిప్పి పంపిన సరుకు వంటివి ఉంటాయి. బహుమతి అంటే ఒక వ్యక్తి ఇంకో వ్యక్తికి, డబ్బు తీసుకోకుండా, ఎప్పుడో ఒకసారి పంపేది. అమ్మిన వస్తువుకు బహుమతి అని టిక్ పెడితే అది తప్పుడు ప్రకటన. మరమ్మతుకు పంపినా, బాగుచేసి వెనక్కి వస్తున్నా తిప్పి పంపిన సరుకు అని చెప్పి, మొదట బయటికి వెళ్లినప్పటి రసీదు జతచేయండి. లేకపోతే మీ సొంత వస్తువు మీదే మళ్లీ సుంకం కట్టాల్సి రావచ్చు.

సీపీ 72 మీద అందరూ వదిలేసే గడి ఒకటి ఉంటుంది: అందజేయలేకపోతే ఏం చెయ్యాలి? పంపినవారికి తిప్పి పంపాలా, వదిలేసినట్టు భావించాలా అని. తిప్పి పంపమంటే ఆ ఖర్చు మీ మీద పడొచ్చు. పాత బట్టల పెట్టెకు ఆ ఖర్చు దండగ. ఫోటోల ఆల్బమ్‌కైతే ఎంతైనా సరే తెప్పించుకోవాలి. ఆలోచించి టిక్ పెట్టండి.

చివరగా సంతకం, తేదీ. సంతకం చేశాక ఆ వివరాలన్నిటికీ చట్టపరంగా బాధ్యులు మీరే, కౌంటర్లో నింపిపెట్టినవాళ్లు కాదు.

కాగితమే కాదు, డేటా కూడా

చేత్తో రాసిన ఫారం ఒక్కటే సరిపోయే రోజులు పోయాయి. 2021 జనవరి 1 నుంచి సరుకున్న అంతర్జాతీయ తపాలాకు వివరాలు ఎలక్ట్రానిక్‌గా ముందే పంపాలన్నది పోస్టల్ యూనియన్ నియమం. అదే ఏడాది మార్చి 15 నుంచి యూరోపియన్ యూనియన్ ఐసీఎస్2 అనే వ్యవస్థతో విమానం ఎక్కకముందే వీటిని పరిశీలిస్తోంది. అంటే పెట్టె బయల్దేరకముందే అక్కడివాళ్లు మీ నాలుగు లైన్లూ చదివేస్తున్నారు. వీలుంటే మీ తపాలా శాఖ పోర్టల్లో మీరే టైప్ చేసి ప్రింట్ తీసుకెళ్లండి. కౌంటర్లో మీ చేతిరాత చూసి మరొకరు టైప్ చేసేటప్పుడు 610910 కాస్తా ఇంకేదో అవుతుంది.

సుంకం ఎంత, ఎవరు కడతారు

మామూలుగా కట్టేది అందుకునేవారు. ముందే చెప్పకుండా పంపితే పుట్టినరోజు కానుకకు బిల్లు వాళ్లు కట్టుకోవాల్సి వస్తుంది, అదేం బాగుంటుంది?

చాలా దేశాల్లో వస్తువు విలువకు తపాలా ఖర్చు కలిపి, ఆ మొత్తం మీద సుంకం వేస్తారు. ఆ మొత్తానికి సుంకం కూడా కలిపి, దాని మీద మళ్లీ వ్యాట్ లాంటి పన్ను. వస్తువు 200, తపాలా 40, సుంకం 10 శాతం, పన్ను 20 శాతం అనుకోండి. 240 మీద సుంకం 24. 264 మీద పన్ను 52.80. మొత్తం 76.80, దీనిపైన తపాలా శాఖ తీసుకునే చిన్న ఫీజు. పది శాతం, ఇరవై శాతం కలిపి ముప్పై అనుకుని 60 లెక్కేసుకున్నవాళ్లు ఇక్కడే ఆశ్చర్యపోతారు. అమెరికా మాత్రం రవాణా ఖర్చును లెక్కలో కలపదు.

బహుమతుల మినహాయింపులు దేశానికో రకం. యూరోపియన్ యూనియన్‌లో 45 యూరోలు, బ్రిటన్‌లో 39 పౌండ్లు, కెనడాలో 60 కెనడా డాలర్లు. నా పెట్టె విలువ 57 యూరోలు. యూరప్‌కు వెళ్లేదైతే మొత్తానికి మినహాయింపు దొరకదన్నమాట. అమ్మిన సరుకు సంగతి వేరు. యూరప్‌లో 22 యూరోల లోపు వస్తువులకు ఉన్న పన్ను మినహాయింపు 2021 జులై 1న పోయింది. అమ్మేవాళ్లు ఐఓఎస్ఎస్ పథకంలో నమోదైతే 150 యూరోల లోపు సరుకు మీద పన్నును అమ్మినప్పుడే వసూలు చేసి కట్టొచ్చు, కొన్నవారికి గుమ్మం దగ్గర బిల్లు రాదు.

రూల్స్ ఎంత హఠాత్తుగా మారతాయో అమెరికాను చూస్తే తెలుస్తుంది. 800 డాలర్ల లోపు సరుకు సుంకం లేకుండా వెళ్లే సౌకర్యం 2016 నుంచి ఉండేది. 2025 ఆగస్టు 29న దాన్ని అన్ని దేశాలకూ ఆపేశారు. సుంకం ఎవరు, ఎలా వసూలు చెయ్యాలో తేలక 88 తపాలా సంస్థలు అమెరికాకు సేవలు పూర్తిగానో కొంతవరకో ఆపేశాయి. వ్యక్తుల మధ్య 100 డాలర్ల లోపు నిజమైన బహుమతులకు మాత్రం మినహాయింపు మిగిలింది.

సుంకం మీరే ముందు కట్టేసే వీలు కూడా కొన్నిచోట్ల ఉంది. దాన్ని డీడీపీ అంటారు. కానుక పంపుతుంటే, వీలున్న చోట అదే నయం.

సర్దడం

కాగితాలు సిద్ధమయ్యాకే టేపు వెయ్యండి. బలమైన అట్టపెట్టె, అన్ని వైపులా కుషను, లోపల ఏదీ కదలకూడదు. పాత పెట్టె వాడితే మునుపటి లేబుళ్లు, బార్‌కోడ్‌లు పూర్తిగా పీకెయ్యండి. ఎందుకంటే యంత్రం ఏ బార్‌కోడ్ దొరికితే అదే చదువుతుంది. ఫారం, ఇన్వాయిస్ నకళ్లు పారదర్శక కవరులో పెట్టి బయట అతికించండి. చిరునామాలు రాసిన ఒక కాగితం లోపల కూడా పడెయ్యండి, బయటి లేబుల్ ఊడిపోయినా పెట్టె అనాథ కాదు. మూసేముందు సరుకును ఫోటో తీయండి. కస్టమ్స్‌వాళ్లు తెరిచి మళ్లీ సర్దినప్పుడు ఏదైనా తగ్గితే ఆ ఫోటోయే ఆధారం.

పంపాక

రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది: రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, మళ్లీ రెండు అక్షరాలు. మొదటిది ఆర్ అయితే రిజిస్టర్డ్, సీ అయితే పార్సిల్, ఈ అయితే ఈఎంఎస్. చివరి రెండూ పంపిన దేశం కోడ్. తొమ్మిదో అంకె తప్పుల్ని పట్టే అంకె. మొదటి ఎనిమిదింటినీ వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి కూడి, 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేస్తే అదొస్తుంది (10 వస్తే 0, 11 వస్తే 5 అనుకోవాలి). 12345678కి మొత్తం 204, శేషం 6, కాబట్టి 5. ఎవరైనా మీకు అమ్మకం పేరుతో బోగస్ ట్రాకింగ్ నంబరు పంపారేమో అనిపిస్తే ఈ లెక్క సరదాగా పనికొస్తుంది.

ట్రాకింగ్‌లో "కస్టమ్స్‌కు సమర్పించారు" అంటే కంగారు అక్కర్లేదు, అన్ని పెట్టెలూ ఆ గుమ్మం దాటాల్సిందే. "కస్టమ్స్ నిలిపివేసింది" అంటే మాత్రం అందుకునేవారిని వెంటనే అప్రమత్తం చెయ్యండి. వాళ్లకు ఉత్తరమో మెసేజో వస్తుంది, దానికి గడువు ఉంటుంది, గడువు దాటితే పెట్టె వెనక్కి. ఇదే అదనుగా సుంకం కట్టమని లింకులతో మోసపు మెసేజ్‌లు కూడా తిరుగుతుంటాయి. లింకు నొక్కకుండా ఆ దేశపు తపాలా వెబ్‌సైట్ తెరిచి నంబరు కొట్టి చూడమనండి. అవతలి కస్టమ్స్‌తో పంపినవారు మాట్లాడి లాభం చాలా తక్కువ. మాట్లాడాల్సింది అందుకునేవారు. మీరు చెయ్యగలిగింది కొన్న బిల్లు, ఫారం నకలు, వస్తువు ఫోటో వాళ్లకు పంపడం.

పెట్టె కనిపించకుండా పోతే పంపిన తర్వాతి రోజు నుంచి ఆరు నెలల లోపు, మీరు పంపిన తపాలా శాఖలోనే ఫిర్యాదు ఇవ్వాలి. రసీదు ఉండాలి. పోవడానికి, పాడవడానికి పరిహారం ఉంది. నిషేధిత వస్తువని కస్టమ్స్ జప్తు చేస్తే లేదు.

నా పెట్టె విషయానికొస్తే, బిల్లులన్నీ పంపాక ఇరవై ఆరో రోజున చేరింది. బొమ్మ కారు చుట్టిన కాగితం చింపి, మళ్లీ జాగ్రత్తగా టేపు వేసి ఉందట. ఆ టేపు మాది కాదు.